మల్లె పాదులో తెల్లటి పొర

శివరాత్రి వెళ్ళిన మూడో రోజు మా అత్త మల్లె పొదకు ఆకు దూస్తుంది. పెళ్ళయి కడపలోని ఈ ఇంటికి వచ్చిన తొలి ఏడు ఆ పని చూసి నేను బెదిరిపోయాను. పచ్చగా, నిండుగా ఉన్న పొద. ఒక్కో కొమ్మను పిడికిట్లో పట్టి ఆమె సర్రున దూసేస్తుంటే వెనక బోసి పుల్లలు మిగులుతున్నాయి.

"సచ్చిపోదా అత్తా?" అన్నాను.

"ఆకు ఉన్నంతసేపూ అది ఆకునే సాకుతాంటాది మే. ఏమీ లేకుండా చేస్తేనే దానికి పువ్వు గుర్తొచ్చేది," అంది.

దూయడం అయ్యాక కొమ్మల చివర్లు కత్తిరిస్తుంది. మొదలు చుట్టూ మట్టి తవ్వి రెండు మూడు రోజులు వేర్లకు ఎండ తగలనిస్తుంది. తర్వాత గంపెడు గొర్రె పెంటికలు వేసి, మట్టి కప్పి, చుట్టూ గట్టు పెట్టి పాదు కడుతుంది. అప్పుడు నీళ్ళు. పది రోజులకు కణుపుల్లో ఎర్రటి చిగుళ్ళు, ఉగాది నాటికి మొగ్గలు. మా ఇంటి ముందు ఖాళీ అంటే నులకమంచం పట్టేంత చోటే. ఒక కరివేపాకు చెట్టు, కుళాయి పక్కన రెండు వంగ మొక్కలు, వంటింటి కిటికీ కింద ఈ మల్లె. కానీ వేసవిలో వీధిలో సగం జడలకు పువ్వులు ఇక్కడి నుంచే వెళ్ళేవి. పక్కింటామె కూతుళ్ళిద్దరూ సాయంత్రం బడి నుంచి రాగానే గోడకు వీపు ఆనించి నిలబడేవాళ్ళు, మా అత్త ఇటువైపు నుంచి జడల్లో తురమడానికి.

ఈ ఏడు మొగ్గ నిలవలేదు.

చిగుళ్ళు వచ్చాయి. కానీ ఆకు విచ్చుకునేసరికి అంచులు కాగితం కాలినట్టు గోధుమరంగుకు తిరిగాయి. బియ్యపు గింజంత మొగ్గలు వచ్చి, ముట్టుకుంటే రాలిపోయాయి. ఒకరోజు పొద్దున్న మా అత్త పాదు దగ్గర కూర్చుని చాలాసేపు లేవలేదు. వెళ్ళి చూస్తే, ఆరిన మట్టి మీద పలచగా, తెల్లగా ఒక పొర ఉంది. ముగ్గు చేతిలోంచి జారి పడిందేమో అనుకున్నాను.

"ముగ్గు కాదు. చౌడు," అంది.

ఆమెది మైదుకూరు దగ్గర పల్లె, సేద్యం చేసే ఇల్లు. అక్కడ పొలాల్లో కొన్ని చోట్ల భూమిలోంచి ఉప్పు పైకి వచ్చి తెల్లగా పేరుకుంటుంది, దాని మీద ఏదీ మొలవదు. దాన్నే చౌడు అంటారు. చౌడు నేల నేను బస్సు కిటికీలోంచి చూశానే తప్ప, ఇంటి ముందుకు వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు.

"ఇన్నేండ్లు లేని చౌడు ఈడికి ఎట్లొచ్చె?" అని ఆమె గోడ వైపు చూసింది. గోడ అవతల పక్కింటామె మిద్దె మీద గది కట్టిస్తోంది. సిమెంటు కలపడం, కొత్త గోడలకు పొద్దునా సాయంత్రం నీళ్ళు కొట్టడం. మా అత్తకు జవాబు దొరికింది.

"ఏమ్మా, మీ సిమెంటు నీళ్ళన్నీ మా మల్లె కిందికి వస్తాండాయే!"

పక్కింటామె పైనుంచి తొంగి చూసింది. "మా నీళ్ళు మోరీలోకి పోతాండాయక్కా. కావాల్నంటే వచ్చి చూసుకో."

"మరి మా చెట్టు ఎందుకు సస్తాంది?"

"నన్నడిగితే? నా సిమెంటు రాత్రిపూట గోడ దూకి మీ మల్లె పక్కన పండుకుంటాందేమో, కాపలా పెట్టుకో!"

"ఇల్లు కట్టుకుంటాండానని మాటలు కూడా మిద్దె మీదనుంచి మాట్లాడతాండావు!"

"మీరు కిందనుంచి అరుస్తాంటే నేను పైనుంచే కదా చెప్పాల!"

కూలివాళ్ళు నవ్వారు. మా అత్త లోపలికి వచ్చి గట్టిగా తలుపు వేసింది. మరునాడు సాయంత్రం ఆ పిల్లలు గోడ దగ్గరికి రాలేదు.

మా అత్తా పక్కింటామె అట్లా వాదులాడుకుంటున్నప్పుడు నేను వంటింట్లో పాపకు అన్నం మెదుపుతున్నాను. నా పక్కనే తాగే నీళ్ళు వడగట్టే మిషన్ సన్నగా చప్పుడు చేస్తోంది. దాని తెల్ల గొట్టం కిటికీలోంచి బయటికి దిగి, కింద నీలం బకెట్‌లోకి ధార కడుతోంది. ఆ బకెట్ నిండినప్పుడల్లా వంచి పోసేది నేనే. పోసేది మల్లె పాదులోకే.

ఆ మిషన్ నా పట్టుదల వల్ల ఇంట్లోకి వచ్చింది. కిందటి వానాకాలంలో, పాపకు మొదటిసారి నీళ్ళు తాగించబోయే ముందు. మా బోరు నీళ్ళు కాగితే గిన్నె అడుగున తెల్లగా గార పడుతుంది. ఒకసారి బస్సులో నా ఎదురుగా కూర్చున్న అమ్మాయి నవ్వితే పళ్ళ మీద గోధుమరంగు చారలు కనిపించాయి. నీళ్ళ వల్లే అట్లా అవుతుందని చదివి ఉన్నాను. ఆ తర్వాత నిద్ర పట్టలేదు. అమర్చడానికి వచ్చిన మనిషి రెండు గొట్టాలు చూపించి, "ఇది తాగే నీళ్ళు, ఇది పారేసే నీళ్ళు మేడం" అన్నాడు. మా అత్త ఎంత పారేయాలని అడిగింది. ఒక బిందెకు రెండు బిందెలు పోతాయన్నాడు.

"తాగేది ఒకటి, పారబోసేది రెండా! ఇదేం సదువు మే?"

ఈ ఇంట్లో బియ్యం కడిగిన నీళ్ళు కరివేపాకుకు, గిన్నెలు కడిగిన నీళ్ళు వంగకు పోతాయి. పాప స్నానం నీళ్ళతో వాకిలి కడుగుతాం. నీళ్ళు పారబోసే మిషన్ ఈ ఇంట్లో నిలవాలంటే నేనొక మాట ఇవ్వాల్సి వచ్చింది. "ఒక్క చుక్క కూడా పోనీను అత్తా, అన్నీ మల్లెకే పోస్తా" అన్నాను. చలికాలమంతా, ఎండ ముదిరాక కూడా ఆ మాట తప్పలేదు. రోజుకు మూడు బకెట్లు. పోసినప్పుడల్లా నాకు కొంచెం గర్వంగా కూడా ఉండేది.

అప్పటికప్పుడు చెప్పేసి ఉండాల్సింది. చెప్పలేదు. చెబితే మిషన్ తీసేయమంటారేమో, పాప బోరు నీళ్ళే తాగాల్సి వస్తుందేమో అని భయం. దానికి తోడు, నిజంగా ఆ నీళ్ళేనా అన్న సందేహం. మిషన్ ఉప్పు కలపదు కదా. మన నీళ్ళలో లేనిది కొత్తగా ఎక్కడి నుంచి వస్తుంది? అదే నీళ్ళను మా అత్త బోరు నుంచి నేరుగా ఏళ్ళ తరబడి పోసింది, మల్లె పూసింది. ఈ ముడి విప్పకుండా నోరు విప్పలేకపోయాను.

మరునాడు పొద్దున్నే పాపను చంకనేసుకుని మూడు స్టీలు పళ్ళేలతో మిద్దె ఎక్కాను. ఒకదానిలో గ్లాసెడు తాగే నీళ్ళు, ఒకదానిలో బోరు నీళ్ళు, మూడోదానిలో బకెట్ నీళ్ళు. ఏది ఏదో మరిచిపోకుండా ఒకదాని పక్కన చెంచా, ఒకదాని పక్కన రాయి, ఒకదాని పక్కన పాప గిలక్కాయ పెట్టాను. మా ఊరి ఎండ గురించి చెప్పక్కర్లేదు. మధ్యాహ్నం అన్నాలు అయ్యాక పైకి వెళితే మూడూ ఆరిపోయి ఉన్నాయి.

చెంచా పళ్ళెం మెరుస్తోంది, పట్టి చూస్తే తప్ప మరక కనబడదు. రాయి పళ్ళెంలో బోరు నీళ్ళు తెల్లటి చారలు వదిలాయి. గిలక్కాయ పళ్ళెంలో, అంటే బకెట్ నీళ్ళు పోసినదాంట్లో, అడుగంతా పొర కట్టింది. నేను వాటి మీదికి వంగి ఉండగానే పాప గిలక్కాయ కోసం పాకి వచ్చి, పళ్ళెంలో వేలు పెట్టి నోట్లో పెట్టుకుంది. గబుక్కున వేలు లాగాను. "తూ!" అని ముఖం చిట్లించింది. నేనూ వేలితో అద్ది నాలుకకు రాసుకున్నాను. ఉప్పగా, వెనకనుంచి కొంచెం చేదుగా ఉంది.

అప్పుడు అర్థమైంది. మిషన్ ఏదీ కలపడం లేదు. పాప నీళ్ళలోంచి తీసేసినదంతా మిగతా నీళ్ళలోకి నెట్టేస్తోంది. పాప తాగకుండా నేను కాపాడినదంతా మల్లె తాగుతోంది.

వెనక అడుగుల చప్పుడు. మా అత్త ఎండుమిరపకాయల గోతం మోసుకుని పైకి వచ్చింది, కారానికి ఎండబెట్టడానికి.

"ఇదేం వంట మే? ఖాళీ పళ్ళేలకు ఎండ పెడతాండావు?"

చెప్పేశాను. బకెట్, గొట్టం, మూడు పళ్ళేలు, అన్నీ. ఆమె గోతం దించి, మూడో పళ్ళెంలో బొటనవేలితో రుద్ది, వేళ్ళ మధ్య నలిపి, నాలుకకు తగిలించుకుంది.

"చౌడే," అంది. వేలు కొంగుకు తుడుచుకుని, "రోజుకు ఎన్ని బకెట్లు?"

"మూడు."

"వానలు ఆగినప్పటినుంచా?"

"ఊఁ."

"నేను పాదు కట్టి ఇస్తాంటే, నువ్వు దాన్ని ఉప్పులో నానబెడతాండావు." అంతే అంది. మిరపకాయలు పరచడం మొదలుపెట్టింది. నేనూ వంగి పరిచాను. పాప మధ్యలోకి రాకుండా కాలు అడ్డం పెట్టి, మిషన్ గురించి ఆమె ఏమంటుందోనని ఎదురుచూస్తున్నాను.

"మిషన్ తీసేద్దామా అత్తా?" అని చివరికి నేనే అడిగాను.

"దాన్నెందుకు తీసేది? ఇంత ఉప్పు నా మనవరాలి కడుపులోకి పోకుండా ఉండాదంటే మంచిదే కదా. ఆ నీళ్ళతో బాత్‌రూము కడుగు. నువ్వు ముందు పక్కింటికి పోయి చెప్పిరా. నేను పోను, నాకు మొగం చెల్లదు. వచ్చినాంక గడ్డపార తీస్కరా."

పక్కింటామె గుమ్మంలో నిలబెట్టే అంతా విన్నది. "అంటే పోసింది నువ్వు, తిట్లు తినింది నా సిమెంటు!"

"తప్పయిపోయిందక్కా."

"మీ అత్తను వచ్చి చెప్పమను."

"సిగ్గుపడతాంది."

"పడనీ, పడనీ. మీ అత్త సిగ్గుపడేది చూసి శానా దినాలాయ." ఆమె నవ్వింది. తర్వాత ఇప్పుడేం చేస్తారని అడిగింది. మా అత్త మిద్దె మీదే చెప్పిన మందు చెప్పాను. పై మట్టి జానెడు లోతు తీసెయ్యాలి, కొత్త మట్టి వెయ్యాలి, ఎరువుల అంగట్లో దొరికే జిప్సం కలపాలి, తర్వాత లోపలి ఉప్పు వేర్ల కిందికి దిగిపోయేదాకా మంచినీళ్ళు నిండా కట్టాలి. మంచినీళ్ళే కావాలి. మా బోరు నీళ్ళతో కడిగితే ఉప్పును ఉప్పుతో కడిగినట్టే. కుళాయి నీళ్ళు రెండు రోజులకొకసారి వస్తాయి, అవి ఇంటికే చాలవు.

"గోడలు తడపడానికి ట్యాంకరు తెప్పించినా. నది నీళ్ళు, తియ్యగా ఉంటాయి. డ్రమ్ముల్లో మిగిలినాయి," అంది ఆమె. "పైపు గోడ మీదనుంచి వేస్తా, పట్టుకో."

ఆదివారం మా ఆయన వాళ్ళమ్మ పుట్టింటికి వెళ్ళి రెండు గోతాల చెరువు ఒండ్రు తెచ్చాడు. ముగ్గురం తవ్వాం. తవ్వుతుంటే సన్న వేర్లు కొసల్లో నల్లగా కనిపించాయి. మూడు సాయంత్రాలు గోడ అవతలి నుంచి పైపు వచ్చింది. నీళ్ళు ఇంకే వరకు మా అత్త గట్టు మీద కూర్చుని ఉండేది. పక్కింటామె అటువైపు నిలబడి, "ఇవి సిమెంటు నీళ్ళే అక్కా, చూసి పోసుకో" అనేది. మా అత్త తలెత్తకుండా, "ఊరుకో తల్లీ, నోరు మూసుకున్నా కదా" అనేది.

ఆ తర్వాత ఉన్న ఆకులన్నీ రాలిపోయాయి. పొద్దున లేచి పాప పళ్ళు చూడడం నాకు అలవాటు. ఇప్పుడు పాపను ఎత్తుకుని మల్లె దగ్గరికీ వెళ్ళేదాన్ని. ఒకరోజు మా అత్త గోరుతో కొమ్మ బెరడు గీకి చూపించింది. లోపల పచ్చగా ఉంటే పానం ఉన్నట్టేనంట. పెద్ద కొమ్మలు మూడింటిలోనూ గోధుమరంగే. నాలుగోది పైన ఎండినా, మొదలు దగ్గర గీకితే సన్నగా పచ్చ కనిపించింది. చచ్చిన మూడింటినీ ఆమే కోసేసింది. మొక్క నా మోకాలెత్తుకు దిగిపోయింది. నాకు ఏడుపొచ్చింది, ఆమెకు రాలేదు. లేక వచ్చినా నాకు కనిపించనివ్వలేదు.

పాప పడుకున్నాక ఇది రాస్తున్నాను. ఈ పొద్దున ఆ నాలుగో కొమ్మ మొదట్లోంచి వచ్చిన రెండు రెమ్మలను ఇద్దరం కూర్చుని చూశాం. ఆకుల అంచులు పచ్చగానే ఉన్నాయి. కొసల్లో మొగ్గలు. నేను లెక్కపెట్టబోతుంటే, ఆమె ఒక రెమ్మను వేళ్ళతో పట్టుకుని మొగ్గలన్నీ గిల్లేసింది.

"అత్తా!"

"ఈ ఏడు దీనికి పూలొద్దు. పూతకు బలమంతా పోతే వేరు యాడనుంచి పట్టుకుంటాది?"

"ఒక్కటన్నా ఉంచు, ఎట్లుంటాదో చూద్దాం."

"ముప్పై ఏండ్ల నుంచి చూస్తాండా. మల్లెలాగే ఉంటాది." రెండో రెమ్మను నా వైపు వంచింది. "ఇది నువ్వు గిల్లు."

బియ్యపు గింజంత మొగ్గ. మునివేళ్ళతో పట్టుకుని లాగాను. రాలేదు. గోరు గుచ్చి గిల్లాల్సి వచ్చింది.