క్లచ్ మాస్టారి ఇన్సూరెన్సు వేట

ఒకే ఇంట్లో నాలుగు బళ్ళుంటే చూసేవాళ్ళు ఏమనుకుంటారు? బాగా ఉన్నవాళ్ళే అనుకుంటారు. అసలు సంగతి ఆ ఇంటివాళ్ళని అడగండి, చెబుతారు. కొడుకు గడియారాల దుకాణానికి వెళ్ళే కారు ఒకటి. కోడలు ఇంట్లో చేసిన కేకుల్ని షాపులకి చేరవేసే వ్యాను ఒకటి. మనవరాలు కాలేజీకి వెళ్ళే స్కూటరు ఒకటి. ఇక నాలుగోది ఇంటిపెద్ద క్లచ్ మాస్టారి పాత కారు. అది వారానికి రెండుసార్లు కూరగాయల మార్కెట్టుకీ, ఒకసారి లైబ్రరీకీ వెళ్ళొస్తుంది, అంతే. కానీ ఆ ఇంట్లో పొద్దున్నే మొదటి స్నానం మాత్రం దానిదే. మాస్టారి స్నానం ఆ తర్వాత.

మాస్టారంటే బడిపంతులనుకునేరు! నలభై నాలుగేళ్ళు కారు నడపడం నేర్పిన మనిషి. పక్క సీట్లో కూర్చుని "క్లచ్చు తొక్కు! క్లచ్చు తొక్కవయ్యా బాబూ!" అని ఆయన అరుస్తుంటే నాలుగు వీధులు ఉలిక్కిపడేవి. ఆ అరుపే పేరైపోయింది. ఆయనేం తక్కువ తిన్నారా? నేర్చుకోవడానికి వచ్చిన ప్రతివాళ్ళకీ తిరిగి ఓ పేరు పెట్టేవారు. బండిని ఎగిరెగిరి నడిపే కుర్రాడు కుందేలు. మలుపు రాగానే కళ్ళు మూసుకునే బ్యాంకు ఆఫీసరుగారు ధ్యానం. సొంత కోడలికైనా మినహాయింపు లేదు. పెళ్ళైన కొత్తల్లో ఆయన దగ్గర నేర్చుకుంటూ ఇంటి గేటుని గుద్ది పడేసింది పాపం, అప్పట్నుంచీ ఆ పిల్ల గేటు. "గేటమ్మా, కాఫీ అయ్యిందా?" అని అడిగేవారు, అదేదో ముద్దుపేరైనట్టు.

ఐదేళ్ళ క్రితం డ్రైవింగు స్కూలు మూసేసి ఇంటిపట్టున ఉంటున్నారు. శిష్యులకి నేర్పిన ఆ కారునే ఉంచుకున్నారు. అంతా సుఖంగా సాగిపోతుండగా ఈ ఏడాది ఒకే వారంలో నాలుగు కవర్లు ఊడిపడ్డాయి. నాలుగు బళ్ళకీ ఇన్సూరెన్సు గడువు దగ్గరపడింది, నాలుగింటికీ రేటు పెరిగింది. కొడుకు నాలుగూ కూడుకుని తల పట్టుకున్నాడు.

"నాన్నా, ఇలా అయితే కష్టం. ఏదో ఒక బండి అమ్మెయ్యాలి," అన్నాడు.

ఏ బండో ఎవరూ అనలేదు. కానీ అందరి చూపులూ కిటికీలోంచి ఒకేవైపుకి వెళ్ళాయి. పాత కారు అప్పుడే స్నానం చేసి నిగనిగలాడుతోంది.

మాస్టారికి చర్రున కోపమొచ్చింది. "నాలుగు బళ్ళకీ చవగ్గా ఇన్సూరెన్సు నేను పట్టుకొస్తాను. నెలాఖరు దాకా టైమివ్వండి. పట్టుకురాలేకపోతే నా కారు నేనే అమ్మేస్తాను!" అన్నారు. అన్నాక గానీ ఏమన్నారో ఆయనకే తెలియలేదు. కానీ మాస్టారు మాట వెనక్కి తీసుకునే రకం కాదు, రివర్సు గేరు శిష్యులకి నేర్పడమే గానీ తను వాడింది తక్కువ.

ఇక చూడండి వేట! మర్నాటి నుంచి ఓ నోటుబుక్కూ, రెండు పెన్నులూ, ఫోనూ పట్టుకుని వరండాలో దుకాణం పెట్టారు. ఫోన్లో ఎవరో అమ్మాయి తీయగా "ఒకటి నొక్కండి, రెండు నొక్కండి" అంటుంది. "నొక్కాను తల్లీ, ఇప్పుడు మనిషిని పిలువు," అంటారీయన. అది రికార్డు చేసిన గొంతని భార్య చెప్పినా వినరు. మనిషి దొరికాక మొదలవుతాయి ప్రశ్నలు. ఏడాదికెంత దూరం తిరుగుతుంది? రాత్రిపూట షెడ్డులోనా, రోడ్డు మీదా? తాళం ఎలాంటిది? స్కూటరుకి వేరేగానా, కలిపా? ఒక కంపెనీ కారుకి తగ్గించి వ్యానుకి పెంచేది. ఇంకొకటి వ్యానుకి తగ్గించి, కేకులు అమ్మకానికని తెలియగానే రెట్టింపు చేసేది. వారం తిరిగేసరికి నోటుబుక్కు సగం నిండింది, రేటు మాత్రం కొండెక్కి కూర్చుంది.

చివరికి దారి చూపించింది కళ్ళజోళ్ళ షాపు పై అంతస్తులో చిన్న ఆఫీసు పెట్టుకున్న ఓ ఏజెంటమ్మ. యాభై ఏళ్ళుంటాయి, నెమ్మదైన మనిషి. కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని బల్లంతా వెతుక్కుంటుంది.

"నాలుగు బళ్ళకి నాలుగు పాలసీలెందుకండీ? ఒకే ఇల్లు కాబట్టి ఒకే పాలసీలో పెట్టెయ్యొచ్చు. బండి చేరేకొద్దీ తగ్గింపు వస్తుంది," అంది.

మాస్టారికి ప్రాణం లేచొచ్చింది. కానీ ఆవిడ పాత కారు కాగితాలు చూసి తలెత్తింది. "పక్క సీటు దగ్గర కూడా పెడళ్ళున్నాయా? అయితే ఇది నేర్పే బండి కింద లెక్క. రేటు ఎక్కువ. తీయించెయ్యండి."

మూడు రోజులు ముద్ద దిగలేదు మాస్టారికి. ఎంతమందిని కాపాడిన పెడళ్ళవి! నాలుగోరోజు మెకానిక్కు వచ్చి విప్పుతుంటే ఈయన చెంప పట్టుకుని నిలబడ్డారు, తన పన్నే పీకుతున్నట్టు. సరే, అదీ అయ్యింది. కాగితాలు పట్టుకుని మళ్ళీ మెట్లెక్కారు.

ఏజెంటమ్మ బండి నడిపేవాళ్ళ పేర్లన్నీ కొట్టింది. కొడుకు, కోడలు, మనవరాలు, మాస్టారు. కంప్యూటరు ఓ అంకె చూపించింది. చెప్పొద్దూ, పాత రేటుకీ దీనికీ పెద్ద తేడా లేదు.

"ఎక్కడో ఎవరో బరువు వేస్తున్నారు," అంటూ ఆవిడ ఒక్కో పేరూ తీసి చూసింది. కొడుకుని తీస్తే కాస్త తగ్గింది. కోడల్ని తీస్తే ఇంకాస్త. మనవరాలిది కొత్త లైసెన్సు, ఆ పిల్లని తీస్తే బాగానే తగ్గింది. "ఊరికే చూద్దాం, ఏమీ అనుకోకండేం," అంటూ మాస్టారి పేరు తీసింది. అంకె ధడాలున కింద పడింది. ఇంటిల్లిపాదీ నాలుగు బళ్ళూ హాయిగా నడుపుకోవచ్చు, ఒక్క ఈయన తప్ప.

"మీ కంప్యూటరు పాడైపోయిందమ్మా," అన్నారు మాస్టారు.

"లేదండీ."

"నలభై నాలుగేళ్ళు. ఒక్క గీత లేదు నా పేరు మీద! మా కోడలు గేటుని గుద్దింది. వీధి దీపాన్నీ వదల్లేదు. ఆవిడ చవకా, నేను ఖరీదా?"

"ఆవిడకి నలభై రెండండీ," అంది ఏజెంటమ్మ నొచ్చుకుంటూ. "మీకు డెబ్బై మూడు."

ఆవిడే మళ్ళీ అంది, డెబ్బై దాటినవాళ్ళు కంపెనీ పెట్టే డ్రైవింగు పరీక్ష పాసైతే ఆ అదనం తీసేస్తారని. పరీక్ష అన్న మాట వినగానే మాస్టారికి ఒళ్ళు మండిపోయింది. రెండువేల మందిని పరీక్షకి పంపిన తనకా పరీక్ష!

ఇంటికొచ్చి "ఇంకా బేరం నడుస్తోంది" అని అందరికీ బొంకారు. భార్య దగ్గర సాగుతుందా? ఆవిడ మూడోనాడు వంటింట్లో బఠాణీలు వొలుస్తూ, "ఏమైందండీ? రెండ్రోజులుగా ఎవర్నీ కసరలేదు. ఒంట్లో బాగోలేదా?" అంది.

ఆయన ఆవిడ పక్కన ముక్కాలిపీట వేసుకుని కూలబడ్డారు. "వెతగ్గా వెతగ్గా దొరికిందేమిటో తెలుసా? ఖర్చంతా నేనేనట."

ఆవిడ బఠాణీలు వదిలేసి నవ్వింది. కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది. "ఆ ముక్క నన్నడిగితే నేను చెప్పేదాన్ని కదండీ! నోటుబుక్కు దండగ!" ఆ తర్వాత ఆయన మొహం చూసి నవ్వాపుకుని, చెయ్యి పట్టుకుంది. "వెళ్ళి ఆ పరీక్షేదో ఇచ్చిరండి. పాసైతే వాళ్ళ నోరు మూతపడుతుంది."

"పాసైతే ఏమిటే? పాసైతే అంటావేమిటి?" అని గయ్యిమన్నారు మాస్టారు. దాంతో ఆవిడకి కొంచెం ధైర్యమొచ్చింది.

పరీక్షనాడు కోడలు కూడా బయల్దేరింది. బళ్ళలో రెండు ఆవిడ పేరుమీదున్నాయి కాబట్టి సంతకం కావాలన్నారు. దారి పొడుగునా మాస్టారే నడిపారు, గొప్పగా, కబుర్లు చెబుతూ. కంపెనీ ఆవరణలోకి వెళ్ళేసరికి అట్ట పట్టుకుని ఎదురొచ్చిన పరీక్షాధికారి ఎవరనుకున్నారు? కుందేలు! పొట్టొచ్చింది, జుట్టు పోయింది, కానీ ఆ భయం కళ్ళు అవే.

"మాస్టారూ, మీకు నేను పరీక్ష పెట్టడమేమిటండీ, సిగ్గుగా ఉంది," అన్నాడు చేతులు నలుపుకుంటూ.

"ఎక్కు, ఎక్కు. బెల్టు పెట్టుకో. అద్దం సర్దుకున్నానో లేదో చూడు, మార్కులు వెయ్యి," అన్నారు మాస్టారు. ఆయనకి గుండెల మీంచి బరువు దిగిపోయింది. వీడు నన్ను ఫెయిలు చేస్తాడా? వీడి తాతలు దిగిరావాలి!

కోడలు ఆఫీసు బయట బెంచీ మీద కూర్చుంది. కారు రోడ్డెక్కింది. మొదటి పావుగంట చూడాలి! పాఠం చెబుతున్నట్టే నడిపారు. సిగ్నలు దగ్గర మెత్తగా ఆపారు, ఎత్తు మీద వెనక్కి జారకుండా లాగించారు, రెండు లారీల మధ్య ఒక్క ఊపులో పార్కు చేశారు. "చూశావా? ఈ పార్కింగు నేర్పేసరికి నువ్వు నా ప్రాణం తోడేశావు," అన్నారు. కుందేలు పళ్ళికిలించాడు.

తిరిగొస్తూ మార్కెట్టు దగ్గర ఎడమవైపుకి మలుపు తిప్పారు. అద్దంలో చూశారు. మెడ తిప్పి కూడా చూడాలి, రెండువేల మందికీ ఆ మాట చెప్పిన మనిషే. కానీ ఈ మధ్య మెడ సగం దాకానే తిరుగుతోంది. ఆ తిరగని సగంలో ఓ సైకిలు ఉంది. దాని మీద బ్రెడ్డు బుట్టతో ఓ పెద్దావిడ. మాస్టారు చూశారు, బ్రేకు కొట్టారు, బండి ఆగింది. ఆవిడ వీళ్ళకేసి గుర్రుగా చూసి గంట మోగించుకుంటూ పోయింది. ఏమీ కాలేదు.

ఏమీ కాలేదు గానీ, ఆయన బ్రేకు కొట్టక ముందే పక్కనించి దబ్బున ఓ చప్పుడైంది. కుందేలు కుడికాలు. పెడలు లేని ఖాళీ నేలని బలంగా తొక్కింది.

బండి ఆవరణలోకి వచ్చింది. కారాపాక కుందేలు అట్టమీద కాగితం మీద గబగబా రాసేశాడు, 'సంతృప్తికరం' అని. మాస్టారు మెడ సాచి చదివారు.

"నీ కాలెందుకు కదిలిందిరా?"

"ఏ కాలండీ?"

"కుడికాలు. మార్కెట్టు దగ్గర."

"అబ్బే, అలవాటండీ."

"అలవాటు నాకుంటుంది. నీకెందుకుంటుంది?" మాస్టారి గొంతు పెరగలేదు, అందుకే కుందేలుకి భయం వేసింది. "నిన్ను నేను నాలుగుసార్లు ఎందుకు పరీక్షకి పంపలేదో తెలుసా? ఆ నాలుగు రోజులూ నా కాలు పెడలు మీదకి వెళ్ళింది. నా కాలు కదిలిన రోజు ఎవరి కాగితం మీదా సంతకం పెట్టలేదు నేను. మంత్రిగారి బావమరిది వచ్చినా పెట్టలేదు. కొట్టెయ్ అది."

"మాస్టారూ, నావల్ల కాదండీ."

"ఆవిడ బుట్టలో బ్రెడ్డుంది కాబట్టి సరిపోయింది. రేపు మనవణ్ణి కూర్చోబెట్టుకుని వస్తుంది. కొట్టెయ్ నాయనా."

కుందేలు కొట్టేశాడు. కొట్టేస్తూ ముక్కు ఎగబీల్చాడు. యాభై ఏళ్ళ మనిషి!

మాస్టారు అక్కణ్ణించి తిన్నగా ఏజెంటమ్మ దగ్గరికి వెళ్ళి మెట్లెక్కారు. కోడలు వెనకాలే పరిగెత్తింది, ఏమైందో తెలియక. "మా ఇంట్లో బండి నడిపేవాళ్ళు ముగ్గురమ్మా," అన్నారాయన. కాగితం తీసుకుని తన పేరు తనే కొట్టేసి పక్కన పొడి సంతకం పెట్టారు. ఏజెంటమ్మ చూపించిన అంకె చూసి కోడలు నోరు తెరిచింది. నాలుగు బళ్ళూ నిలిచాయి, ఒక్కటీ అమ్మక్కర్లేదు, పైగా కిందటేడాది కంటే తక్కువ.

"మావయ్యగారూ, మీ పేరు లేని పాలసీ మాకొద్దు. నా వ్యాను తీసేద్దాం," అంది కోడలు.

"వ్యాను తీసేస్తే కేకులు నెత్తిన పెట్టుకెళతావా? సంతకం పెట్టు." అదే చివరి మాట. కిందికొచ్చి తాళాలు ఆవిడ చేతిలో పెట్టారు, వెళ్ళి పక్క సీట్లో కూర్చున్నారు. ఏడుపొస్తోంది ఆయనకి. కిటికీలోంచి బయటికి చూస్తూ దిగమింగుకుంటున్నారు.

కోడలు బండి తీసింది. మొదటి సిగ్నలు దాటింది. ఇప్పుడంటారు, ఇప్పుడంటారు అని ఒళ్ళు బిగబట్టుకుని నడుపుతోంది. అద్దం చూడలేదనో, గేరు ఆలస్యమైందనో ఏదో ఒకటి. ఉలుకూ లేదు, పలుకూ లేదు. రెండో సిగ్నలు దాటాక ఆవిడ ఇక ఉండబట్టలేకపోయింది.

"మావయ్యగారూ, ఏదో ఒకటనండి. మీరు తిట్టకపోతే నాకు స్టీరింగు ఆడట్లేదు."

మాస్టారు ఆవిడకేసి తిరిగారు. చాలాసేపు చూశారు, అద్దం చూస్తోందా, మెడ తిప్పుతోందా, కాళ్ళు ఎక్కడున్నాయా అని. అన్నీ చూశాక మెల్లగా అన్నారు.

"బాగానే నడుపుతున్నావమ్మా."

పంతొమ్మిదేళ్ళలో ఆయన ఆవిడతో ఆ మాట అనడం అదే మొదటిసారి. కోడలి కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి, కాలెక్కడో జారింది, బండి నడిరోడ్డు మీద దడదడలాడి ఆగిపోయింది. వెనక హారన్లు అందుకున్నాయి.

"ఇదిగో, ఇందుకే! ఇందుకే నలభై నాలుగేళ్ళూ ఎవర్నీ మెచ్చుకోలేదు నేను!" అని అరిచారు మాస్టారు. అరుస్తూనే ఆయనా ఏడ్చేశారు. ఇద్దరూ ఏడుస్తూ, నవ్వుతూ, వెనకవాళ్ళ తిట్లు తింటూ కాసేపు అక్కడే ఉండిపోయారు. తర్వాత కోడలు కొంగుతో మొహం తుడుచుకుని, మెడ పూర్తిగా వెనక్కి తిప్పి చూసుకుని, బండి స్టార్టు చేసింది.