పడవలో మాగిన వాసన

దెయ్యాల కబుర్లు మొదలైతే టీ పెట్టే వంకతో లేచి వెళ్లిపోయే రకాన్ని నేను. ఆగిరిపల్లి దగ్గర హైస్కూల్లో సైన్స్ చెబుతాను. వాసన అంటే గాలిలో కలిసి ముక్కుకు చేరే అణువులని ఏటా బోర్డు మీద రాస్తాను. కాబట్టి ఇది భక్తి కథా కాదు, భయపెట్టే కథా కాదు. మా ఇంట్లో జరిగింది జరిగినట్టు చెబుతున్నాను, అంతే.

మా మామిడితోటలో నీళ్లు నిలవచేసే పెద్ద కుంట ఉంది. వేసవిలో తోట చూడటానికి వచ్చేవాళ్లను అందులో తిప్పుదామని మా ఆయన కొల్లేరు వైపు నుంచి ఒక పాత ఫైబర్ పడవ కొన్నాడు. పైన కప్పు, లోపల చిన్న గది, రెండు బల్లలు. హనుమాన్ జంక్షన్ మీదుగా లారీలో వచ్చి తోటలో దిగింది. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. గది తలుపు తెరిచాక మాత్రం ఒక్కరూ నిలబడలేదు. తడిసి ఆరని గోనెసంచుల ముక్కవాసన గుప్పుమంది.

సబ్బునీళ్లతో కడిగాం. వెనిగర్‌తో తుడిచాం. వంటసోడా చల్లి ఊడ్చాం. బల్లల మీది మెత్తలు పారేశాం. గిన్నెల్లో బొగ్గులు పెట్టాం. తలుపు బార్లా తీసి ఎండనిస్తే ఆ పూటకు బాగానే ఉండేది. మూసి, మర్నాడు తెరిస్తే మళ్లీ అదే కంపు. మా ఆయన ముఖం చూస్తే నవ్వూ వచ్చేది, జాలీ వేసేది.

ఇక్కడ మా అత్తయ్య గురించి చెప్పాలి. కోసిన కాయల్ని వరిగడ్డిలో పేర్చి పండబెట్టడాన్ని మాగ వేయడం అంటాం. మా ఇంట్లో మాగ ఆవిడ రాజ్యం. గడ్డి కదపకుండా పైన వంగి వాసన చూసి, ఏ మూల కాయ చెడిందో కనిపెట్టి తీసేసేది. కరోనా జ్వరం వచ్చి తగ్గాక ఆవిడకు వాసన తెలియకుండా పోయింది. ఇంట్లో అందరికీ తిరిగొచ్చింది, ఆవిడకు రాలేదు. డాక్టర్లు చూద్దాం అన్నారు. పాస్టరు గారు ప్రార్థన చేశారు. అప్పటినుంచి ఆవిడ మాగ వేసే షెడ్డు గుమ్మం తొక్కలేదు. పండు చేతికిస్తే ఒక ముక్క తిని పక్కన పెట్టేసేది. అది చూస్తే నా ప్రాణం ఉసూరుమనేది.

ఒక ఉదయం మమ్మల్ని టిఫిన్‌కు పిలవడానికి వచ్చి, ఆవిడ పడవ గదిలోకి తల పెట్టింది.

"ఏంటమ్మాయ్, ఇందులో మాగ వేశారా? చిన్న రసాలు పండుతున్నాయి."

అప్పటికి తోటలో పూత తప్ప పిందె కూడా లేదు. మా ఆయన నవ్వాడు. నేను నవ్వలేకపోయాను, ఆవిడ కళ్లు నిండిపోయాయి మరి.

నాకు కుతూహలం ఆగదు. కాఫీ పొడి, తరిగిన ఉల్లిపాయ తెచ్చి, కళ్లు మూసుకోమని పడవ బయట వాసన చూపించాను. తెలియలేదు. లోపల కూర్చోబెట్టి చూపించినా తెలియలేదు. మామిడిపండు వాసన ఒక్కటే వస్తోందంది. మెదడు ఒక్కోసారి లేని వాసనను కల్పిస్తుందని ఎక్కడో చదివాను. అదే అయ్యుంటుందని సర్దిచెప్పుకున్నాను. అయితే పడవ దిగగానే అది ఎందుకు ఆగిపోతోందో ఆ చదివినదాంట్లో లేదు.

ఇక ఆవిడకు చింతపండు గింజలు తీసే పనైనా, బైబిలు చదువుకోవడమైనా ఆ పడవలోనే. అంత కంపులో ఎలా కూర్చుంటుందా అని మేం ముక్కులు మూసుకునేవాళ్లం. ఒక రోజు వెనకమూల నేల మీద అరచెయ్యి పెట్టి, "ఇక్కడ అడుగున ఒకటి కుళ్లిందిరా. తీసెయ్, లేకపోతే మిగతావి కూడా పోతాయి" అని కొడుకుతో చెప్పింది.

మా ఆయన ఆ చోట నేల పలక విప్పాడు. పడవ తేలడానికి కింద నింపిన ఫోము నీళ్లు పీల్చి, నల్లగా బూజు పట్టి ఉంది. మిగతా పలకలు కూడా విప్పి చూశాం. అంతా పొడిగానే ఉంది. మేం ఇన్నాళ్లు వెతికిన కంపు ఆవిడ చెయ్యి పెట్టిన చోటే ఉంది.

ఫోము బయటికి లాగబోయి మా ఆయన ఆగాడు. అది తీస్తే ఆవిడకు తెలిసే ఆ ఒక్క వాసన కూడా పోతుందేమోనని ముగ్గురికీ తోచింది.

"ఉండనీ అమ్మా. పడవ పోతే పోయింది."

"కుళ్లినదాన్ని ఉంచి మాగ ఎవరన్నా కాస్తారట్రా? తియ్యి."

తీశాం. కడిగి, ఆరబెట్టి, కొత్త ఫోము వేసి మూశాం. పడవ కమ్మగా కాకపోయినా శుభ్రంగా తయారైంది. అత్తయ్య లోపలికెళ్లి బల్ల మీద కూర్చుని, మళ్లీ మళ్లీ గాలి పీల్చింది.

"ఏమీ లేదమ్మాయ్" అంది.

నేనూ వెళ్లి పక్కన కూర్చున్నాను. అప్పుడు తగిలింది నా ముక్కుకి. వెచ్చని వరిగడ్డి, దాని కింద చిన్న రసాలు. భ్రమేమోనని బయటికెళ్లి పూతగాలి పీల్చి మళ్లీ వచ్చాను. లోపల అలాగే ఉంది. చెబితే ఆవిడ మనసు కష్టపడుతుందేమోనని కాసేపు నలిగి, దాచలేక చెప్పేశాను.

ఆవిడ నా మణికట్టు పట్టుకుంది. "పైవరసా, అడుగుదా?"

ఇరవై ఏళ్ల కాపురంలో నాకు ఆ తేడా తెలిసిన పాపాన పోలేదు. "పైవి ఇంకా గట్టిగానే ఉన్నాయత్తయ్యా. అడుగువి పండాయి" అని నా నోటినుంచే వచ్చింది. ఆవిడ కళ్లు మూసుకుని, తనకే ఆ వాసన తగిలినట్టు తలూపింది.

ఆ ముక్కు ఆవిడకు తిరిగి రాలేదు. నాకా వాసన ఎందుకు తగిలిందో, ఏ అణువులు తెచ్చాయో ఇప్పటికీ చెప్పలేను. ఆ వేసవి మాగ నేనే కాశాను. అత్తయ్య గుమ్మం దాటి వచ్చి, గడ్డి పక్కన స్టూలు వేసుకుని, ఏం వాసన వస్తోందో చెప్పమని నన్ను అడుగుతూ కూర్చుంది.