కాళ్లలోకి ఎక్కే చప్పుడు

మా బాపుకు చెవి మిషను పెట్టించిన రోజు, నిజామాబాద్ నుంచి బోధన్‌కు తిరిగి వస్తున్నాం. కారు జానకంపేట కూడా దాటకముందే ఆయన మిషను తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు.

"ఏమైంది బాపూ?" అన్నాను. వినపడలేదు. భుజం తట్టి, మొహం ఆయన వైపు తిప్పి మళ్లీ అడిగాను.

"నీ బండిల కూసుంటే మిల్లుల తలకాయ వెట్టినట్టుంది బిడ్డా. ఇంటికి వోయినంక వెట్టుకుంట."

అప్పటిదాకా ఆ కారులో చప్పుడు ఉందని నాకు పెద్దగా తెలియదు. పాత కారు కొనుక్కున్నాను, రోజూ ఆఫీసుకు పోయి వస్తున్నాను, అంతే. ఆ రోజు మాత్రం విన్నాను. వేగం నలభై దాటితే కింది నుంచి ఒక గుంయ్‌మనే మోత మొదలయ్యేది. రోడ్డు నున్నగా ఉంటే కొంచెం తగ్గేది, కంకర తేలిన చోట కారు లోపలంతా నిండిపోయేది. అద్దాలు మూసినా పోదు. రేడియో పెడితే రెండూ కలిసి ఇంకో కొత్త మోత.

బాపు బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో ఫిట్టరు. చెరకు పిండే మిల్లుల దగ్గరే ఆయన ఉద్యోగమంతా గడిచింది. ఫ్యాక్టరీ మూతపడేనాటికి ఆయన చెవులు దాదాపు మూతపడ్డాయి. మా అమ్మను మేం అవ్వ అని పిలిచేవాళ్లం. ఆయనకూ లోకానికీ మధ్య ఉన్నది అవ్వే. గడపలో కూర్చుని బీడీలు చుడుతూ, తల ఎత్తకుండానే పెదవులు కదిపేది. ఆయనకు అర్థమయ్యేది. మేం అరిచి చెప్పినా అర్థం కానిది, ఆమె గొంతు పెగలకుండా చెప్పేది.

అవ్వ పోయి రెండేళ్లయింది. నేను పెళ్లి చేసుకోలేదు, దాని కథ వేరు. ఇంట్లో మేమిద్దరమే. అన్నం తిన్నావా, మందు వేసుకున్నావా అన్న మాటలకు సైగలు సరిపోయేవి. మిగతా మాటలు ఎప్పుడు ఆగిపోయాయో నేను గమనించలేదు.

చెవి మిషను మీద నేను పెట్టుకున్న ఆశ అందుకే అంత పెద్దది. మిషను అమర్చిన అమ్మాయి ముందే చెప్పింది: "రెండు మూడు నెలలు పడ్తది మేడం. ఇన్నేండ్లు వినని చప్పుళ్లన్నీ ఒక్కసారి మీద పడ్తయి. రోజూ కొంచెం కొంచెం మాట్లాడుతుండండి." వారానికి రెండుసార్లు వచ్చి సరిచేయించుకోవాలంది. ఆ రెండు రోజులు బాపు నాతో కారులో వచ్చి, పగలంతా నిజామాబాద్‌లో మా మేనత్త ఇంట్లో ఉండి, సాయంత్రం నాతో తిరిగి వచ్చేవాడు. మాట్లాడుకోవడానికి దారి పొడుగూ సమయం ఉంది. ఆ సమయమంతా మిషను ఆయన జేబులో ఉండేది.

అలా కారు చప్పుడు నాకు సొంత శత్రువైపోయింది.

మొదట టైర్లు అన్నారు. నిజంగానే అరిగిపోయి ఉన్నాయి, మార్పించాను. నాలుగు రోజులు తగ్గినట్టు అనిపించింది. బహుశా తగ్గాలని నేను కోరుకున్నందుకేమో. తర్వాత ఒక దుకాణంలో కాళ్ల కింది పరుపు లేపి దళసరి నల్ల పట్టీలు అతికించారు. కింద కంకర రాళ్లు తగిలే చప్పుడు తగ్గింది, ఆ గుంయ్ మాత్రం తగ్గలేదు. చివరికి నిజామాబాద్‌లో మా ఆఫీసు దగ్గరి మెకానిక్ కారు కిందికి దూరి చూసి, ముందు చక్రాల బుష్షులు పోయాయన్నాడు. చక్రాన్ని కారు చట్రానికి పట్టి ఉంచే ఇనుప చేయి ఒకటి ఉంటుంది. దాని కీలు దగ్గర ఇనుముకు ఇనుము తగలకుండా ఉండే రబ్బరే బుష్షు. పాతవి తీసి చూపించాడు, ఎండిన జామకాయల్లా పగిలి ఉన్నాయి. కొత్తవి వేశాడు. గుంతల్లో పడ్డప్పుడు వచ్చే టకటక పూర్తిగా పోయింది. గుంయ్ మాత్రం పెరిగింది.

ఆ సాయంత్రం ఎడపల్లి దగ్గర, కొత్త రబ్బరు వేశాక చప్పుడు ఇంకా ఎక్కువైందని బాపుకు అరిచి చెబుతుంటే నాకు ఏడుపొచ్చినంత పనైంది. బాపు నా మొహం చూశాడు. ఏమనుకున్నాడో, చెప్పులు విడిచి అరికాళ్లు కింద ఆనించాడు. ఒక చేయి తలుపు మీద, ఒక చేయి ముందున్న డాష్‌బోర్డు మీద పెట్టాడు. బోధన్ వచ్చేదాకా అట్లాగే కూర్చున్నాడు.

"బేరింగ్," అన్నాడు దిగేటప్పుడు. "ఎడమ చక్రం బేరింగ్ ఖరాబైంది."

ఎంతో కాలానికి ఆయన నోట అంత గట్టి మాట విన్నాను. మర్నాడే బేరింగ్ మార్పించాను. తేడా రాలేదు. పాత బేరింగ్‌ను మెకానిక్ నా చేతిలో పెట్టి తిప్పి చూపించాడు, వెన్నలా తిరుగుతోంది. ఆ సంగతి బాపుకు చెప్పకుండా ఉందామనుకున్నాను. కానీ ఆయనే ఆ వారం కారెక్కి, అరికాళ్లు ఆనించి, సారంగపూర్ రాకముందే కాళ్లు వెనక్కి తీసుకున్నాడు. ఆ రోజూ మర్నాడూ నా వైపు చూడలేదు. తప్పు చెప్పానని సిగ్గుపడుతున్నాడని అర్థమైంది. ఆయనను ఓదార్చడానికి నాకు సైగలు చాలలేదు.

మూడో రోజు పొద్దున నేను చీర కుచ్చిళ్లు సర్దుకుంటుంటే తయారై వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. మిషను చెవిలో ఉంది.

"ఆ రబ్బరు ఏసినాయన కాడికి తీస్కపో నన్ను."

"ఎందుకు బాపూ?"

"ఏసినంక సప్పుడు ఎక్కువైందన్నవ్ గదా. ఎట్ల ఏసిండో అడగాలె. నేను ముందుగాల అదడగకుంట బేరింగన్న."

మెకానిక్ మంచివాడే గానీ, మూడోసారి వచ్చిన నన్ను చూసి మొహం ముడుచుకున్నాడు. "కొత్త బుష్షులే అక్కా, అసలు మాల్. మల్ల ఆవాజ్ అంటే నేనేం జెయ్యాలె?" అన్నాడు. అంతలో పక్క షెడ్డులో ఎవరో గ్రైండర్ పెట్టారు. బాపు ఉలిక్కిపడి చెవి మీద చేయి పెట్టుకున్నాడు. మెకానిక్ ఆ మిషను చూశాడు. పక్క షెడ్డుకు పోయి గ్రైండర్ ఆపించి వచ్చి, ఒక స్టూలు తెచ్చి వేశాడు.

"చెప్పు కాకా. మెల్లగ చెప్పు."

"ఈ బుష్షు బోల్టు బిగిచ్చినప్పుడు బండి యాడుండె?"

"గుంతల వేరే బండి ఉండె కాకా. జాకీ మీద లేపి బిగిచ్చిన," అంటూ కారు కింద నిలబడి పనిచేసేందుకు షెడ్డులో తవ్విన గుంతను చూపించాడు.

"అంటే చక్రం గాలిల ఏలాడుతుండె."

"ఔ."

బాపు లేచి, మెకానిక్ చొక్కా చేతిని మోచేయి పైన రెండు వేళ్లతో పట్టుకుని మెలితిప్పాడు. గుడ్డ బిగుసుకుని చర్మాన్ని పట్టేసింది. "ఇప్పుడు చెయ్యి మడువు," అన్నాడు. అతను మడవబోయాడు, సగంలోనే ఆగింది.

"చక్రం ఏలాడంగ బిగిస్తే, బండి కిందికి దిగినంక రబ్బరు గిట్ల మెలివడ్తది. ఇగ దానికి కదలనీకె సందు లేదు. ఇనుము లెక్కనే అయితది. రోడ్డు మీది సప్పుడంత పైకి పంపుతది. మిల్లు మోటర్ల కింద మేం గూడ రబ్బరు వెట్టెటోళ్లం. బరువు దిగినంకనే బిగిచ్చెటోళ్లం. బరువు మీద బిగియ్యి, సూద్దాం."

మెకానిక్ కాసేపు తన చొక్కా ముడతల వంకే చూశాడు. అతనికి కోపం వస్తుందేమోనని నేను భయపడ్డాను. రాలేదు. "గుంత ఖాళీనే ఉంది," అని తాళం చెవి అడిగాడు.

కారును గుంత మీద నాలుగు చక్రాల మీదా నిలబెట్టి, అతను కింద దిగి బోల్టు వదులు చేశాడు. లోపల ఎక్కడో టక్కుమంది. కారు ముందు భాగం ఒక నిట్టూర్పు విడిచినట్టు కొంచెం కిందికి సర్దుకుంది. నేను చూశాను. గుంతలోంచి మెకానిక్ గొంతు వచ్చింది: "అబ్బ! కాకా, తిరిగింది, రబ్బరు తిరిగింది!" బాపు నా వైపు తిరిగి "ఏమంటుండు?" అన్నాడు. చెప్పాను. ఆయన నవ్వలేదు, తల ఊపాడంతే. కానీ స్టూలు మీద నుంచి లేచి గుంత అంచున గొంతుక్కూర్చుని, ఇంకో బోల్టు వైపు వేలు చూపించాడు.

మొత్తం ఆ రోజే అయిపోలేదు. మెలిపడి తిరిగినందుకు కుడివైపు బుష్షు ఒకటి అప్పటికే చిరగడం మొదలైంది. తర్వాతి వారం దాన్ని మళ్లీ మార్చాల్సి వచ్చింది. చప్పుడు పూర్తిగా పోయిందనీ చెప్పను. పాత కారు పాత కారే. కానీ ఆ గుంయ్ పోయింది. మిగిలింది మామూలు రోడ్డు చప్పుడు, మనిషి మాట దాని మీద నిలబడగలిగేంత.

బాపు జానకంపేట దాటినా మిషను తీయలేదు. చెరకు కొట్టేసిన పొలాలు ఎండలో పసుపుగా ఉన్నాయి. ఆయన కిటికీలోంచి చూస్తూ చూస్తూ ఇటు తిరిగాడు.

"నువ్వు ఆఫీసుల ఏం పని జేస్తవ్ బిడ్డా?"

నాకు మొదట నవ్వొచ్చింది. ఉద్యోగంలో చేరి పద్దెనిమిదేళ్లు. "నీకెర్కలేదా?" అన్నాను.

"మీ అవ్వనడిగితే కాయిదాలు రాస్తది అనేది. గంతే ఎర్క."

చెప్పడం మొదలుపెట్టాను. పంటలు మునిగిన రైతులు పెట్టుకునే దరఖాస్తులు నా బల్ల మీదికి వస్తాయని, సగం వాటిలో సర్వే నంబరు తప్పుంటుందని, మెండోర నుంచి ఒకాయన పసుపు మునిగిందని తడిసిన కాగితం మీదే రాసి పంపాడని.

"తప్పుంటే తిప్పి పంపుతరా?"

"కొందరు పంపుతరు. నేను ఫోన్ జేసి అడుగుత. నంబరు దిద్దిచ్చి మీదికి పంపుత."

ఆయన చెవిలోని మిషనును వేలితో సర్దుకున్నాడు. మిషను పనిచేయడం లేదేమోనని నేను చూస్తుంటే, "మంచి పనే," అన్నాడు. ఇంటికి వచ్చేదాకా ఇంకా అడుగుతూనే ఉన్నాడు. ఆ సాయంత్రం నా గొంతు బొంగురుపోయింది.

ఒకసారి మాటలు మొదలయ్యాక అన్నీ తీపి మాటలే కావు. నెల తర్వాత ఒక సాయంత్రం, నేను ఎవరికీ చెప్పకుండా సంచిలో దాచుకున్న ఒక విషయం నోరు జారింది.

"బాల్కొండకు ప్రమోషన్ వచ్చింది బాపూ. వద్దని రాసిద్దామనుకుంటున్న."

"ఎందుకు?"

"దూరం గదా. నువ్వొక్కనివి ఎట్లుంటవ్?"

"నన్నడిగినవా?"

"అడిగితే ఏమంటవో నాకెర్కనే."

"ఎట్లెర్క? మొన్నటిదాంక రెండేండ్లు మనం మాట్లాడిందే లేదు."

నాకు కోపమొచ్చింది. ఆయన కోసమే ఇదంతా అన్నట్టు ఏదేదో అన్నాను. అలవాటు కొద్దీ గొంతు చించుకుని అరిచాను.

"మెల్లగ మాట్లాడు," అన్నాడు బాపు. "ఇనవడుతుంది నాకు."

కారు పక్కకు ఆపాను. నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆయన మాత్రం తన వాదన వదల్లేదు. అక్కడ ఇద్దరికీ ఇల్లు కిరాయికి తీసుకోవచ్చన్నాడు, ఆదివారాలు బోధన్ రావచ్చన్నాడు. బాల్కొండ పక్కనే ఉన్న పోచంపాడు డ్యామ్ నీళ్లు చూడక ఎన్నేళ్లయిందో అన్నాడు. "నా ముసలితనం అడ్డం వెట్టుకోని నువ్వు ఆగకు," అన్నాడు. ఎడపల్లి దాకా పోట్లాడుకున్నాం. అవ్వతో తప్ప ఆయన ఎవరితోనైనా అంతసేపు పోట్లాడడం నేను చూడలేదు.

బాల్కొండకు వచ్చి ఇప్పటికి కొన్ని నెలలైంది. మా ఇంటి ఓనరమ్మ పసుపు రైతు. ఉడికించి ఎండబెట్టిన కొమ్ములను తిప్పి నునుపు చేసే ఇనుప డ్రమ్ము ఒకటి వాళ్ల దొడ్లో ఉంది. అది ఒక పక్కకు ఒరిగి తిరుగుతోందని బాపు వచ్చిన వారానికే పట్టుకున్నాడు. దాన్ని సరిచేశాక చుట్టుపక్కల నాలుగు దొడ్లవాళ్లు ఆయనను పిలవడం మొదలుపెట్టారు.

నిన్న సాయంత్రం ఆఫీసు నుంచి వస్తుంటే దారిలోనే కనిపించాడు. ముగ్గురు రైతుల మధ్య నేల మీద కూర్చుని, మోచేతుల దాకా పసుపుతో, ఏదో గట్టిగా వాదిస్తున్నాడు. ఎక్కించుకుని పోదామని హారన్ కొట్టాను. తల తిప్పకుండానే చేయి ఎత్తాడు, ఆగు, ఇంకా అయిపోలేదని. నేను ఇంజన్ ఆపేసి, అద్దం దించి, ఆయన మాటలు అయ్యేదాకా కూర్చున్నాను.