జోడీ మీద చెప్పిన మాట

జంపఖానా ఎంత పెద్దదైనా ఇద్దరు పట్టుకుంటే లేస్తుంది. ఈ బరువు మాత్రం పదేళ్ళు దాటింది, ఒక్కణ్ణే మోస్తున్నాను. ఇప్పుడు మీ ముందు దించుతాను. ఎట్లా దించాలో తెలియదు. నేను నాలుగో తరగతి దాకే చదివాను. ఇంతకుముందు ఏదీ రాయలేదు. తప్పులుంటే నవ్వుకోండి, నాకేం కోపం రాదు. నవ్వే చోట్లు ఇందులో కొన్ని నిజంగానే ఉన్నాయి.

మాది వరంగల్. మట్టెవాడలో జంపఖానాలు నేసే సొసైటీ ఒకటుండేది, ఇప్పుడూ ఉంది. జంపఖానా మగ్గం వెడల్పుగా ఉంటుంది. ఒక్కడి చేతులు ఈ అంచు నుంచి ఆ అంచుకు అందవు. ఇద్దరు పక్కపక్కన కూర్చుని నేయాలి. ఆ ఇద్దరినీ జోడీ అంటారు. నా జోడీ కనకయ్య. నాకంటే పెద్దవాడు, నేను అన్నా అని పిలుస్తాను. ఆయన ఎడమ దిక్కు, నేను కుడి దిక్కు. నడుమ ఇద్దరి పోగులూ కలుస్తాయి. ఇద్దరూ పోగును ఒకే బలంతో దగ్గరికి కొడితే ఎక్కడ కలిసిందో ఎవరూ చెప్పలేరు. ఒకడు వదులుగా కొడితే నడుమ గీత పడుతుంది.

సొసైటీలో మాకు జబ్బు ఫండ్ ఉండేది. ప్రతి వారం కూలీలో కొంత కోసేవారు. ఎవరికైనా జబ్బు చేస్తే దవాఖాన ఖర్చు ఫండ్ ఇచ్చేది. దానికి డాక్టరు కాగితం అక్కర్లేదు. జోడీ వచ్చి 'నా జోడీకి బాగలేదు' అంటే చాలు. ఎందుకంటే ఒకడు పడుకుంటే రెండోవాడి మగ్గం కూడా ఆగుతుంది, వాడి కూలీ కూడా పోతుంది. తన కడుపు మాడ్చుకుని ఎవడూ అబద్ధం చెప్పడు కదా. అందుకే మాలో ఒక కట్టుబాటు ఉండేది. జోడీ మాటను ఎవరూ కాదనరు. పదిమందిలో జోడీని జోడీ అసలే కాదనడు.

ఆ ఫండ్ పెద్ద మా కనకయ్యన్నే.

ఎమర్జెన్సీ పోయిన తర్వాత అందరికీ గొంతులు లేచాయి. మా సొసైటీలోనూ లేచాయి. మగ్గం మీద కూర్చునే మగవాళ్ళకే ఫండ్ ఏమిటి, ఇంట్లో నూలు కండెలు చుట్టే ఆడవాళ్ళకు ఎందుకు లేదు, ఆ దూది నుసి వాళ్ళ ఛాతీలోకి పోవడం లేదా అని ఒక గుంపు. ఆడవాళ్ళను చేరిస్తే కోత రెట్టింపవుతుంది, ఆ కోత ఎవడు కట్టాలి అని ఇంకో గుంపు. ఒక గుంపు మూలమీది హోటల్లో చాయ్ తాగితే ఇంకో గుంపు ఆ హోటల్ ముందు నుంచి కూడా నడిచేది కాదు. గోడల మీద రాతలు. బావమరదులు మాట్లాడుకోవడం మానేశారు. ఒక పెళ్ళిలో పెళ్ళికొడుకు తరఫువాళ్ళకూ పెళ్ళికూతురు తరఫువాళ్ళకూ బంతి దగ్గరే ఫండ్ గొడవ లేచి, సాంబారు చల్లారిపోయింది.

నేను చేర్చాలనే గుంపు. కనకయ్యన్న వద్దనే గుంపు. మగ్గం మీద మాత్రం ఇద్దరం పక్కపక్కనే. రోజంతా పోట్లాడుకునేవాళ్ళం, నేత ఆగేది కాదు.

చివరికి మీటింగ్ పెట్టారు, గోదాములో. కొత్త జంపఖానాల దొంతరల మీద ఎక్కి కూర్చున్నారు జనం. కనకయ్యన్న లేచాడు. ఆయనకు ఉపన్యాసం రాదు. ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడాడు.

"నాకు తల్లి లేదా, పెండ్లాం లేదా? నేనేమన్న రాతిలకెల్లి పుట్టిన్నా? మగ్గం మీద కూసునెటోనికి జోడీ ఉంటడు, సాక్ష్యం చెప్తడు. ఇంట్ల కండెలు చుట్టే ఆమెకు జోడీ ఎవరు? ఎవరి మాట నమ్మి ఇయ్యాలె? సాలు తిరగకముందే ఫండ్ గుల్లయితది. అప్పుడు ఆడోళ్ళకూ ఉండది, మగోళ్ళకూ ఉండది. ముందుగాల్ల దానికి జవాబు చెప్పుండ్రి."

తలలు ఊగాయి. మావాళ్ళ తలలు కూడా ఊగాయి. ఓడిపోతున్నామని తెలిసిపోయింది. మా గుంపు నాయకుడు నా డొక్కలో పొడిచాడు, "లేవవయ్యా, మీ అమ్మ సంగతి చెప్పు" అని.

అమ్మ సంగతి ఇది. అప్పటికి నాకు పెళ్ళి కాలేదు. నేనూ అమ్మా స్టేషన్ దగ్గర అద్దెకుండేవాళ్ళం. ఆ వైపు సొసైటీవాళ్ళెవరూ లేరు. అమ్మే నాకు కండెలు చుట్టేది. ఆ వానాకాలం ఆమెకు ఊపిరాడలేదు. ఫండ్ లేదు, అది నిజం. తర్వాత మా సొంత అన్న వచ్చి ఆమెను తన ఊరు పాలంపేటకు తీసుకుపోయాడు, అక్కడి గాలికి కోలుకుంది. ఇంతవరకే చెప్పి కూర్చుంటే సరిపోయేది.

లేచాను. అమ్మకు ఊపిరాడలేదని చెప్పాను. గోదాము నిశ్శబ్దమైపోయింది. అంతమంది నా మాట వినడం నా జన్మలో అదే మొదటిసారి. ఆ నిశ్శబ్దం ఎంత తియ్యగా ఉందంటే, దాన్ని ఇంకొంచెం సాగదీయాలనిపించింది. నాలుక దానంతట అదే నడిచింది.

"గీ కనకయ్యన్న కాళ్ళు మొక్కిన. నా జోడీవి, ఎట్లన్న చేసి ఫండ్ ఇప్పియ్యే అన్నా అని అడిగిన. ముసల్దానికి దవాఖాన ఎందుకురా అన్నడు."

అనలేదు. ఆయన ఆ మాట అనలేదు. నేను అడగనూలేదు. ఆ రోజు నేను గుమ్మంలో నిలబడి ఏడుస్తుంటే, వానలో రిక్షా పట్టుకొచ్చింది ఆయన. మా అమ్మ తలను ఒళ్ళో పెట్టుకుని పెద్ద దవాఖానకు తీసుకుపోయింది ఆయన. మంచం లేదన్నవాళ్ళతో కొట్లాడి మంచం వేయించింది ఆయన. అమ్మ అక్కడున్నన్నాళ్ళూ ఆయన భార్య సత్తెక్క జావ కాచి ఇస్తే, టిఫిన్ డబ్బాలో పట్టుకుని వచ్చేవాడు. మా అమ్మ ఆయనను పెద్దకొడుకా అని పిలిచేది.

గోదాములో ఎవరో 'థూ' అన్నారు. ఎవరన్నారో తెలియదు. తర్వాత చాలామంది అన్నారు. అధ్యక్షుడు అడిగాడు, "ఏం కనకయ్యా, నీ జోడీ చెప్పింది నిజమేనా?"

కనకయ్యన్న నా వైపు చూశాడు. కోపంగా చూసినా బాగుండేది. నేత మధ్యలో పోగు తెగితే ఎక్కడ తెగిందా అని వెతుకుతాడే, అట్లా చూశాడు.

"నా జోడీ చెప్పిండు గదా" అన్నాడు. కూర్చున్నాడు.

అంతే. చేతులు లేచాయి. మేము గెలిచాము.

నాకు దండ వేశారు. ఎవరి పెళ్ళికో తెప్పించిన దండ, అందులో సగం వాడిపోయింది. భుజాల మీద ఎత్తుకుని మూలమీది హోటల్ దాకా ఊరేగించారు. నేను నవ్వుతూనే ఉన్నాను. లోపల మాత్రం రేపు పొద్దున మగ్గం దగ్గరికి ఎట్లా పోవాలా అనే ఆలోచన.

పొద్దున పోయేసరికి ఆయన అప్పటికే కూర్చుని ఉన్నాడు. నేను నా దిక్కున కూర్చున్నాను. పోగు అందుకుంటూ నేనే అడిగాను.

"ఎందుకు కాదనలేదన్నా?"

"కాదంటె?"

"నిజం తెలిసేది."

"నిజం తెలిసి నాకేమొస్తది? నువ్వు అబద్ధాలోనివైతవు. రేపు నాకు జరమొస్తె ఫండ్‌కాడ సాక్ష్యం చెప్పెటోడివి నువ్వేనాయె. నీ మాట చెల్లకుంటె నేను సచ్చుడే గదరా." తన మాటకు తనే నవ్వాడు. నవ్వి, మళ్ళీ అన్నాడు, "మీ అమ్మకు మాత్రం తెల్వనియ్యకు. చెప్పు తీసుకుంటది."

"అన్నా..."

"ఇగ ఊకో. చెయ్యి సరిగ్గ కొట్టు. నీ దిక్కు వదులు పడతాంది."

నిజమే. ఆ వారం మా జంపఖానాకు నడుమ గీత పడింది. ఆయన నా దిక్కు కూడా విప్పి, మళ్ళీ నేశాడు.

ఇక్కడి నుంచి నా తిప్పలు వినండి. ఫండ్ పెద్ద పని ఆయన దగ్గర నుంచి తీసేసి నాకిచ్చారు. ఇప్పుడు ఆడవాళ్ళు వస్తారు, 'నాకు బాగలేదు' అంటారు. సాక్ష్యం లేదు. ఒకామె ఛాతీ నొప్పి అని డబ్బు తీసుకుని చెల్లెలి పెళ్ళికి పోయింది. ఒకామె మా సొసైటీ మొహం ఎన్నడూ చూడని మేనత్తకు పళ్ళు కట్టించింది. ఒకామె ఎక్కడ నొప్పి అంటే, "ఎక్కడుంటె ఇస్తవు తమ్మీ?" అని నన్నే అడిగింది. నువ్వు అబద్ధం చెప్తున్నావు అనడానికి నా నోరు లేవదు. నేనెవణ్ణి అనడానికి? అందరికీ ఇచ్చేశాను. ధర్మరాజు అన్నారు నన్ను. ఫండ్ పలచబడింది. కోత ఇంకా పెంచాలన్నారు, గోడల మీద మళ్ళీ రాతలు మొదలయ్యాయి. కనకయ్యన్న చెప్పింది చెప్పినట్టే జరుగుతోంది. 'నేను చెప్పలే?' అని ఆయన ఒక్కసారైనా అంటే నాకు నిద్ర పట్టేది. అనలేదు.

ఒకరోజు పోగు కొడుతూ కొడుతూ అన్నాడు, "ఆడోళ్ళకు గూడ జోడీలు కట్టరాదుర. ఇద్దరిద్దర్ని. ఒకామె జబ్బని పంటె రెండో ఆమె కండెలు గూడ ఆపాలె. అప్పుడు ఉత్తగ ఎవలు పంటరు?"

"నువ్వే చెప్పన్నా మీటింగ్‌లో."

"నేను చెప్తె ఉమ్మేస్తరు. నువ్వు చెప్పు."

నేనే చెప్పాను. చప్పట్లు కొట్టారు. ఆడవాళ్ళు జోడీలు కట్టుకున్నారు. నల్లా దగ్గర బిందెలతో కొట్టుకునే రాధమ్మ, బుచ్చమ్మ ఒక జోడీ అయ్యారు. ఇదేమిటమ్మా అంటే రాధమ్మ అంది, "ఇది నా శత్రువు. ఇది వచ్చి నాకు బాగలేదన్నదంటె ఇగ అనుమానమే ఉండది." ఫండ్ నిలబడింది. కోత పెరగలేదు. రాధమ్మకు ఆపరేషన్ అయినప్పుడు బుచ్చమ్మ వచ్చి సాక్ష్యం చెప్పి, ఫండ్ ఇప్పించి, దవాఖానలో ఆమె మంచం పక్కనే కూర్చుని ఆమెను తిట్టింది.

ఆ మంచి కూడా నా పేరునే పడింది.

తర్వాత నాకు పెళ్ళయింది, మట్టెవాడకే మారాము. అమ్మ అప్పుడప్పుడు పాలంపేట నుంచి వచ్చేది. వస్తే నాకు జ్వరం. ఆమె అరుగు మీద కూర్చుంటే చాలు, 'నా పెద్దకొడుకు కనకయ్య నన్ను బతికించిండు' అని మొదలుపెడుతుంది. అందుకని ఆమెను అరుగు మీద కూర్చోనిచ్చేవాణ్ణి కాదు. మ్యాట్నీకి తీసుకుపోయేవాణ్ణి. గుడికి తీసుకుపోయేవాణ్ణి. ఇంకా టైముంటే మళ్ళీ అదే మ్యాట్నీకి తీసుకుపోయేవాణ్ణి. నా కొడుకు శ్రవణకుమారుడమ్మా అని మా ఆవిడతో మురిసిపోయేది. అమ్మ పోయినప్పుడు పాలంపేటకు వచ్చి పాడె పట్టింది కనకయ్యన్నే. ఇక మట్టెవాడలో ఆ సంగతి తెలిసినవాళ్ళం నేనూ, కనకయ్యన్నా, సత్తెక్కా మాత్రమే మిగిలాము.

మంచి జరిగింది కదా అని నన్ను నేను అడుగుతుంటాను. జరిగింది. అబద్ధం చెప్పకపోతే జరిగేది కాదా? అమ్మ జబ్బు ఒక్కటే చెప్పి కూర్చుంటే చేతులు లేచేవేమో. లేచేవి కావేమో. ఇప్పుడెవరు చెప్తారు? ఒకటి మాత్రం నాకు తెలుసు. ఆ నిమిషం నేను ఆడవాళ్ళ దవాఖాన గురించి ఆలోచించలేదు. అందరూ నన్ను వింటున్నారు అని ఆలోచించాను.

పోయిన నెల కనకయ్యన్న మగ్గం దిగాడు. చూపు ఆనడం లేదు. షెడ్డులో చిన్న సభ పెట్టారు. సత్తెక్క లడ్డూలు చేసుకొచ్చి అందరికీ పంచుతోంది. వెనక వరసలో ఒక కొత్త కోడలు చేయి చాపలేదు. పక్కామెతో అంది, మెల్లగానే అంది, నాకు వినిపించింది. "ముసలోళ్ళకు దవాఖాన ఎందుకన్నోడు ఈయనేనట గద. నాకొద్దు."

సత్తెక్కకు కూడా వినిపించింది. పళ్ళెం పట్టుకుని ముందుకు పోయింది.

ఆ మీటింగ్ నాటికి ఆ పిల్ల మా వాడకు కోడలుగా రానేలేదు. బహుశా లంగా కట్టుకుని ఏదో ఊళ్ళో ఆడుకుంటూ ఉండి ఉంటుంది. నా అబద్ధం నల్లా దగ్గర ఒకరి నోటి నుంచి ఒకరి నోటికి పోయి, అత్తల నుంచి కోడళ్ళకు పోయింది. నేను చచ్చినా అది చావదు. నన్ను మాట్లాడమన్నారు. లేచాను. కనకయ్యన్న మంచివాడు అన్నాను. నాది పెద్ద మనసని చప్పట్లు కొట్టారు. కూర్చున్నాను. ఇదీ నా ధైర్యం.

అందుకే రాస్తున్నాను. క్షమించమని అడగడానికి కాదు, మీరెవరు క్షమించడానికి, మీకు నేనేం చేశాను? ఆయనను అడిగితే 'ఇగ ఊకో' అంటాడు, అది క్షమించడం అవునో కాదో నాకు ఇప్పటికీ తెలియదు. సత్తెక్కను అడిగే మొహం లేదు. చెప్పేశాను, అంతే. చెయ్యి నొప్పి పుడుతోంది, ఛాతీ మాత్రం తేలికగా ఉంది. పొద్దుటి నుంచి రెండుసార్లు అన్నం తిన్నాను. మా ఆవిడ ఏమైంది అంటోంది.

నా పేరు రాయలేదు. రాయడానికి చేయి రాలేదు. కానీ కనకయ్య పేరు మార్చలేదు, అది ఆయన అసలు పేరే. కొమురయ్య కొడుకు కనకయ్య, మట్టెవాడ. మా వాడలో ఎవరి చేతిలోనైనా ఇది పడితే, ఆయన కుడి పక్కన కూర్చున్నది ఎవరో వాళ్ళు ఎవరినీ అడగక్కర్లేదు.