కోరాడ వారి దయ్యాలు

కనకం వదినకు బల్లులంటే భయం. గోడ మీద బల్లి కనబడితే కాలనీ అంతా అదిరేలా కేకపెడుతుంది. దయ్యాలంటే మాత్రం పీట వేసి కూర్చోబెట్టేటంత ఇష్టం. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో మా క్వార్టరుకూ వాళ్ళ క్వార్టరుకూ మధ్య ఒకటే గోడ. అందుచేత ఆ ఇష్టంలో సగం వాటా నా నెత్తిన కూడా పడింది.

కనకం పుట్టింది ఇక్కడే. వాళ్ళ నాన్న విజయనగరం దగ్గరి పల్లె నుంచి వచ్చి పాయింట్స్‌మన్‌గా చేరాడు. ఇంటిపేరు కోరాడ. ఆవిడకు ఒక్కడే తమ్ముడు, సూర్యం. చిన్నప్పుడు దుప్పటి ముసుగేసుకుని అక్కకు దయ్యాల కథలు చెప్పేవాడట. కాస్త మీసం రాగానే సినిమాలు తీస్తానని బొంబాయి మెయిలెక్కాడు. మళ్ళీ కబురు లేదు. కొడుకు కోసం ఎదురుచూస్తూనే తల్లీ తండ్రీ పోయారు. పన్నెండేళ్ళు దాటాక, ఆనవాయితీ ప్రకారం సూర్యానికి కర్మ చేయించెయ్యమని చుట్టాలు మొదలెట్టారు.

"బతికున్నోడికి పిండం పెడతారేటి?" అని కనకం ఇంతెత్తున లేచింది. అప్పట్నుంచి ఆ మాటెత్తితే చాలు, వాళ్ళింట్లో కంచాలు ఎగిరేవి.

ఎనభైల చివర్లో వాళ్ళాయన సింహాచలం పాత వీసీఆర్ ఒకటి ఇంటికి తెచ్చాడు. ఆయన లోకో షెడ్డులో ఫిట్టరు. దాన్ని విప్పి, తుడిచి, ఆడించాడు. స్టేషన్ రోడ్డులో జయప్రకాష్‌కు కేసెట్ల దుకాణం ఉండేది. వాళ్ళదీ మన రైల్వే తెలుగు కుటుంబమే. కేసెట్ల మీద పేర్లు మాత్రం స్కెచ్ పెన్నుతో హిందీలో రాసేవాడు. తెలుగులో రాస్తే చదివే నాథుడేడీ? కనకంతో సహా మా కాలనీలో చాలామందివి హిందీ చదువులే.

ఓ రోజు భక్తి సినిమా తెస్తానని ఆ దుకాణానికి వెళ్ళిన కనకం ఓ నల్ల కేసెట్టు పట్టుకుని రొప్పుతూ మా ఇంట్లోకి వచ్చింది.

"వదినా, ఇది చూడు. డైరెక్టర్ ఎస్. కోరాడా. మా సూర్యమే!"

"కోరాడ అయితే ఇంటిపేరు ముందు రావాలి కదా, వెనకెందుకొచ్చింది?" అన్నాను.

"హిందీవోళ్ళు ఇంటిపేరు తోకకి కడతారు కదేటి!"

"కోరాడ వాళ్ళు విజయనగరం చుట్టూ బోలెడుమంది ఉన్నారు."

"అందులో దయ్యాల కథలు చెప్పినోడు మావోడొక్కడే."

ఇంక ఆవిడతో వాదించేదెవరు?

మే నెల మధ్యాహ్నం కిటికీలకు దుప్పట్లు కట్టి చూశాం. కాపీకి కాపీ తీసిన కేసెట్టు. పేర్లు పడే ముక్క ఎప్పుడో ఎగిరిపోయింది. అందరూ దొరలూ దొరసానులే. మాట్లాడే ఇంగ్లీషు ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. పెద్ద మేడ, గోడల మీద ఎర్రటి వెలుగు, ఎక్కడో పిల్లలు కూనిరాగం తీస్తున్నారు. కిటికీ మీద కాకి వాలి అరిచింది. అంతే, ఏట్లో పడి చచ్చిపోయిన మొగుడు తడిబట్టలతో వచ్చి భోజనాల బల్ల దగ్గర కూర్చున్నాడు. నేను కొంగు కళ్ళకు అడ్డం పెట్టుకున్నాను. కనకం చప్పట్లు కొట్టింది.

"కాకి అరిచింది, చుట్టం వచ్చేడు! ఈ సంగతి దొరలకేటి తెలుస్తాది? మా అమ్మ రోజూ అనీది. ఇది మావోడి బుర్రే, వదినా!"

నిజం చెప్పొద్దూ, ఆ క్షణం నేనూ నమ్మేశాను.

ఆ తర్వాత జయప్రకాష్ కలకత్తా నుంచి ఎస్. కోరాడా కేసెట్లు దొరికినన్ని తెప్పించాడు. కనకం ఒక్కోటి అరిగిపోయేదాకా చూసింది. తమ్ముడి కోసం చూడ్డం మొదలెట్టింది గానీ, చూడగా చూడగా ఆ సినిమాలే రుచి మరిగాయి. దయ్యం మొహం ముందు చూపించడని, పాదాలే చూపిస్తాడని కనిపెట్టింది. బఠాణీలు ఒలిచే ఆడవాళ్ళందరికీ ఆ కథలు చెప్పి, చివర్లో 'హా!' అని అరిచి బఠాణీలన్నీ నేలపాలు చేసేది. డ్యూటీ నుంచి వచ్చిన సింహాచలం వేళాకోళమాడేవాడు. "పెళ్ళిలో బట్టలు సరిగా పెట్టలేదని నా బావమరిది ఇలాగ పగ తీర్చుకుంటన్నాడు."

అలా హాయిగా నాలుగేళ్ళు గడిచాయి. తర్వాత ఓసారి జయప్రకాష్‌కు రంగుల అట్టపెట్టెతో అసలు కేసెట్టే దొరికింది. పెట్టె వెనక డైరెక్టర్ ఫొటో. తెల్లజుట్టు దొర, ముసలాయన. కింద పేరు సిల్వియో కొరాడా. హిందీ రాతలో ఆ 'కొ' కాస్తా 'కో' అయి కూర్చుందన్నమాట.

"ఇటలీ ఆయనంట, అక్కా," అన్నాడు జయప్రకాష్ నేలచూపులు చూస్తూ.

కనకం కొంగుతో ఫొటో తుడిచి చూసింది. మళ్ళీ తుడిచి చూసింది. సూర్యానికి ఇంకా నలభై కూడా నిండవు. పెట్టె అతని చేతికిచ్చేసి లోపలికి వెళ్ళిపోయింది. వారాల తరబడి వీసీఆర్ మీద గుడ్డ కప్పే ఉంది. గోడకవతల ఆవిడ కేకలు వినబడకపోతే నాకు అన్నం సయించలేదు.

ఇదే అదనని చుట్టాలు మళ్ళీ తగులుకున్నారు. ఓ సాయంత్రం నేనక్కడుండగానే సింహాచలం మెల్లగా అన్నాడు. "పోనీ కనకం, కర్మ చేయించేద్దామేటి?"

కంచం ఎగురుతుందని నేను పక్కకు జరిగాను. ఎగరలేదు.

"ఉండండి," అంది కనకం. "ఆ ముసిలోడి బొమ్మల్లో ఏట్లో పడి పోయినోళ్ళే ఇంటికొచ్చి కూకుంటన్నారు. బతికున్నోడు రాడేటి?"

నాకు ఏడుపు ఆగలేదు. కనకమే నన్ను గదమాయించింది. "ఏడుస్తావేటి వదినా? ఆ పెట్టెలో బొమ్మ మనం చూడనేలేదు. రేపు తెమ్మని జయప్రకాష్‌కి కబురెట్టు."

మర్నాడు పొద్దున్న గోడ మీద కాకి ఒకటే అరుపు. కనకం ఎసట్లో ఇంకో రెండు గుప్పెళ్ళ బియ్యం పోసింది. ఏళ్ళ తరబడి కాకి అరిచినప్పుడల్లా అలాగే పోసేది. ఆ అన్నం మిగిలిపోయి, సాయంత్రం మా ఇంటికి పులిహోరగా వచ్చేది.

మధ్యాహ్నం గుమ్మంలో జయప్రకాష్. "అక్కా, నీ తమ్ముడి బొమ్మ తెచ్చేను," అన్నాడు అలవాటుగా. అని నాలుక్కరుచుకున్నాడు.

కనకం పెట్టె అందుకుని ఆ దొర ఫొటో కేసి తేరిపార చూసింది.

"తలంతా నెరిసిపోనాది, పాపం," అంది. "అచ్ఛా, లోపలికి రా. అన్నం ఎక్కువే వండేను."

జయప్రకాష్ చెప్పులు విప్పాడు. నేను దుప్పట్లు తేవడానికి లేచాను.