అత్తమ్మ వాకిట్లో తేజాబు

ఒక ఇంటి పొద్దును మొత్తంగా కడిగి మురికి మోరీలో కలిపిన ఘనుణ్ణి నేను. నమ్మకపోతే వినండి.

డెబ్బైల్లో, పెళ్లైన కొత్తలో, కుండల్‌వాడి నుంచి నాందేడ్‌లోని అత్తవారింటికి వెళ్లాను. అత్తమ్మ నాకు సొంత మేనత్తే. వాకిలంతా షాబాదు బండలు. వానలకు నల్లా దగ్గర పాకుడు పట్టి ఆవిడ కాలు జారింది.

"ఆ మూలకు జర గీకు కొడుకా, గంతే," అని చెప్పి కూరగాయలకు పోయింది.

గంతే చేస్తే కొత్త అల్లుణ్ణి ఎలా అవుతాను? సీసా నిండా తేజాబు, అదేనండీ, యాసిడ్ తెచ్చాను. పోయగానే బుస్సుమని తెల్లటి నురుగు లేచింది. నోరు తెరుచుకుని చూశాను. ఏళ్లనాటి మురికి ఉడుకుతోందనుకున్నాను గానీ, ఉడికేది బండేనని నాకేం తెలుసు? ఇక పాకుడుతో ఆగలేదు. నూనె మరక, పసుపు మరక, నీలిమందు మరక, ఒక్కదాన్నీ వదల్లేదు.

అత్తమ్మ వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"నూనె మరకేది?"

"పోయింది అత్తమ్మా."

"పసుపుది?"

"అదీ పోయింది," అన్నాను, మెప్పు కోసం చూస్తూ.

"ఇగ టైమెంతయిందో నాకెట్ల తెలుస్తదిరా?"

ఆ ఇంట్లో గడియారం లేదు. గోడ నీడ చలికాలంలో నూనె మరకను, ఎండాకాలంలో పసుపు మరకను తాకితే మామకు అన్నం డబ్బా కట్టే వేళ. నీలిమందు మరకను తాకితే నల్లాలో నీళ్లు వచ్చే వేళ. బడి మొహం చూడని మనిషి సూర్యుణ్ణి బండలకు కట్టేసుకుంది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. కొత్త అల్లుడు పొద్దే లేకుండా చేశాడు.

"నా చేతి గడియారం ఉంది కదా," అన్నాను.

"అది నీతోని కుండల్‌వాడికి పోతది. బండ పోతదా?"

డబ్బా వేళ అంటే గడియారంలో ఎన్నింటికో ఆవిడకూ తెలియదు, నాకూ తెలియదు. ఆ రోజు డబ్బాలు మోసే సైకిలాయన వచ్చేసరికి అన్నం ఉడకలేదు. ఆయన ఆగలేదు. చివరికి డబ్బా పట్టుకుని మామ పనిచేసే పత్తి జిన్నింగు ఫ్యాక్టరీకి నేనే పరిగెత్తాను. మామ గేటు దగ్గర బిక్కమొహంతో నిలబడి ఉన్నాడు.

"మీ అత్తకు పానం మంచిగున్నదా? ఇన్నేండ్లల్ల డబ్బా ఎన్నడు లేటు కాలె."

నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. ఆవిడను తలుచుకుంటే మాత్రం దండం పెట్టాలనిపించింది.

దీపావళికి మళ్లీ వెళ్లాం. తేజాబు తిన్నచోటల్లా బండలు తెల్లగా గుంటలు పడి ఉన్నాయి. వంటింట్లోంచి మా ఆవిడతో అత్తమ్మ అంటున్న మాట వినిపించింది.

"నీడ అల్లుని మచ్చ మీదికచ్చింది బిడ్డా, డబ్బా కట్టు."

చెరగని ఆ మచ్చల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: అత్తమ్మ గంతే అంటే, ఈ జన్మకు గంతే.