ఉప్పుటేట్లో నానిన పనస సెక్క

ఓలమ్మో, మా మనిసిని దొంగనీసినారు! నాకు కోపం రాకేటొత్తాది?

మా ఆయన సన్యాసయ్య వడ్రంగి. వజ్రపుకొత్తూరు పక్కన మా ఊర్లో పడవలు సేసీవోడు. ఫైబరు పడవలొచ్చీసి ఆ పని పోనాది. అప్పట్నుంచి పలాస, టెక్కలి ఎల్లి గుమ్మాలు సేత్తన్నాడు. నాను సేపలమ్ముతాను. నలబయ్యేళ్ల కాపరంలో ఆయన ఎవుడ్నీ ఒక్క మాటన్నేదు. ఆయన వాటా తిట్లు కూడా నానే తిడతాను.

పడవలు సేసినోళ్లకి ఒక అలవాటుంది. పనస సెక్క కోసీసి ఉప్పుటేట్లో నెల్లాళ్లు ముంచుతారు, తరవాత రెండేళ్లు నీడన ఆరబెడతారు. పురుగు ముట్టదు. నిమ్మాడ జగదీశ్వరరావుగారు పలాసలో కడుతున్న ఇంటికి ఆ సెక్కతోనే సింహద్వారం సేసినాడు.

గుమ్మం ఎత్తీ ముహూర్తం ఐదు రోజులుందనగా రావుగారి కొడుకు గౌతమ్ ఒక మిషనొట్టుకొచ్చినాడు. సెల్‌ఫోనంత ఉంది, కొసన రెండు సూదులు. ఆన్‌లైన్లో ఎనిమిదొందలంట. సెక్కలో గుచ్చితే తడెంతుందో అంకె సెప్తాదంట, పదిహేను దాటితే పచ్చి సెక్కంట. మా గుమ్మానికి ఇరవై తొమ్మిది సూపించింది.

"పచ్చి చెక్క తెచ్చి రెండేళ్లు ఎండిందంటావేటి? ఇంత దొంగవనుకోలేదు సన్యాసయ్యా!" అనీసినారు రావుగారు. ఆరుగురు తాపీవోళ్లు సూత్తన్నారు.

మా ఆయన ఇంటికొచ్చి కంచం ముట్టలేదు. "మిషను అబద్దమాడతాదేటే జోగమ్మా? నా సేతికే సెక్క తెలీకుండా పోనాదేమో" అన్నాడు. దొంగన్నందుకన్నా, ఆ మాట ఇన్నాకే నా ఒళ్లు ఎక్కువ మండిపోనాది.

తెల్లారి ఆ సెక్కలోంచి కోసిన ముక్కొకటి, నా సేపల కాటా అట్టుకొని రావుగారింటికెల్లినాను. ఆలముందే తూచినాను. ఆరొందల పన్నెండు గ్రాములు.

"మీ డాబా మీద ఎండలో పెట్టండి బావూ. తడుంటే బరువు తగ్గాల గదా? తగ్గితే ఆ గుమ్మం పొయ్యిలో పెట్టీండి."

అప్పటికప్పుడు ఇంకో గుమ్మం ఎక్కడ దొరుకుతాది? సరేనన్నారు.

ముహూర్తం రోజు పొద్దున్న అందరి ముందూ మళ్లీ తూచినాను. ఆరొందల పది. పచ్చిదయితే యాబై తగ్గును, రెండే తగ్గినాది. ఆ ముక్కలో గుచ్చితే మిషను మాత్రం ఇరవయ్యారంటంది! గౌతమ్ బుర్ర గోక్కున్నాడు. నాను బుట్టలోంచి ఉప్పేసి ఎండబెట్టిన సేపొకటి తీసి ఇచ్చినాను. కర్రలాగుంది.

"ఇందులో గుచ్చు బావూ."

నలబై దాటీసింది.

"ఇది పచ్చి సేపేటి? ఉప్పు బావూ, ఉప్పు! మా సెక్కలోనూ అదే ఉంది."

గౌతమ్ ఫోన్లో ఎతికినాడు. "నిజమే నాన్నా. ఉప్పుంటే ఎక్కువ చూపిస్తుందట."

రావుగారు నవ్వీసినారు. "పోన్లే, మిషన్ తప్పు. కానీ సన్యాసయ్యా, టైమయిపోతోంది, ఎత్తు" అని కొత్త పంచె అందించినారు.

మా ఆయన పంచె తీసుకోలేదు. సుత్తి కింద పెట్టీసినాడు. నలబయ్యేళ్లలో ఆ గొంతు నానెప్పుడూ ఇన్నేదు.

"మిషను అంకే సెప్పింది బావూ. దొంగని మీరన్నారు. ఆరుగురి ముందు అన్నారు, ఆరుగురి ముందే ఎనక్కి తీసుకోండి."

పంతులుగారు గడియారం సూత్తన్నారు. తాపీవోళ్లు పని ఆపీసినారు. రావుగారి మొకం ఎర్రబడింది.

"తప్పు మాటన్నాను సన్యాసయ్యా" అన్నారు, నేల సూసి.

"ఇనపళ్లేదు బావూ" అన్నాడు మా ఆయన.